అక్షింతలు చెప్పే లెక్క

ఇంట్లో ఒక చిన్న డబ్బాలో బియ్యం వున్నవి. అందులో ఎన్ని గింజలున్నాయో చెప్పాలి. అన్నిటినీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టకూడదు. తూకం వెయ్యకూడదు. సోలా, తవ్వా ముట్టుకోకూడదు. చెప్పగలరా?

"ఇదెక్కడి పేచీ అండీ!" అంటారు ఇల్లాలు. పేచీ ఏమీ లేదు. దేవుడి గదిలో అక్షింతల గిన్నె వుంటే చాలు.

పసుపు పట్టించిన గింజలు సరిగ్గా నూరు లెక్కపెట్టి ఆ డబ్బాలో పొయ్యండి. మూతపెట్టి, అడుగున వున్నవి మీదికీ, మీద వున్నవి అడుగుకూ వచ్చేటట్లు బాగా కుదపండి. ఇప్పుడు ఒక గుప్పెడు తీసి పళ్ళెంలో పోసుకుని వేరు చెయ్యండి. పసుపు గింజలు 5, తెల్లవి 1,000 వచ్చాయనుకుందాం. అంటే ఒక్కొక్క పసుపు గింజకు 200 తెల్ల గింజలన్నమాట. మనం వేసిన పసుపు గింజలు నూరు. కాబట్టి డబ్బాలో వున్న తెల్ల గింజలు సుమారు 20,000. లెక్క తేలిపోయింది!

కాని అసలు విశేషం ఇది కాదు. మీరు డబ్బా కుదిపి కింద పెట్టారు. ఇంతలో మన బుజ్జిగాడు పరుగెత్తుకుంటూ వచ్చి దాన్ని తన్నేశాడు. సగం బియ్యం నేలపాలయింది. కొంత మంచం కిందికి పోయింది. పిచికలు వచ్చి తమ వంతు తాము తిన్నాయి. మన లెక్క చెడిపోయిందా? చెడిపోలేదు. తెల్ల గింజలు పోయిన పాళ్ళలోనే పసుపు గింజలూ పోయినవి. మిగిలిన దాంట్లోంచి గుప్పెడు తీసినా ఒకటికి రెండువందల చొప్పునే వస్తాయి. ఇప్పుడు డబ్బాలో వున్నవి ఎన్ని అన్నది కాదు, బుజ్జిగాడు తన్నకముందు ఎన్ని వున్నవన్నది ఆ గుప్పెడే చెబుతుంది.

రసాయన శాస్త్రజ్ఞులు నెత్తురు బొట్టులో సీసమెంత, రాతిలో యురేనియమెంత, మూత్రపిండాల రోగి రక్తంలో క్రియాటినిన్ ఎంత అని తేల్చడానికి నేడు నమ్ముకున్న పద్ధతుల్లో మేలైనదీ, అక్షింతల పద్ధతీ ఒక్కటే. దానికి వారు పెట్టిన పేరు "ఐసొటోప్ డైల్యూషన్". పేరు చూసి జడుసుకోనక్కరలేదు.

నెయ్యి ఎంత పోయింది?

ఈ పద్ధతి ఎందుకు కావలసి వచ్చిందో చూద్దాం. ఒక శేరు పాలలో నెయ్యి ఎంత వున్నదో తెలుసుకోవాలి. పాలు కాచి, తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి కాస్తాం. కాని కాచిన గిన్నెకు మీగడ అంటుకున్నది. కవ్వానికి కొంత పట్టుకున్నది. మజ్జిగలో కొంత మిగిలిపోయింది. గోకుడు పిల్లల పాలయింది. చివరికి చెంబులో పడిన నెయ్యి తూచి "పాలలో ఇంత నెయ్యి వున్నది" అంటే అది నిజమేనా? అది మన చేతికి దక్కినది మాత్రమే. వున్నది వేరు, దక్కినది వేరు.

ప్రయోగశాలలోనూ ఇదే అవస్థ. రాతిని యాసిడ్‌లో కరిగించాలి, వడకట్టాలి, ఇగర్చాలి, ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి వంచాలి. ప్రతి మెట్టులోనూ కొంత జారిపోతుంది. పదార్థం తులాల్లో వుంటే ఆ నష్టం లెక్కలోకి రాదు. గ్రాములో కోటోవంతు వెతికేటప్పుడు గాజుగోడకు అంటుకుపోయినదే కొంప ముంచుతుంది.

అక్షింతలు వేద్దామంటే ఒక చిక్కున్నది. సీసాన్ని కొలవాలంటే అక్షింతలు కూడా సీసమే కావాలి. సీసం కరిగినచోట కరగాలి, అంటుకున్నచోట అంటుకోవాలి, పోయినచోట పోవాలి. కాని చివరకు చూసేసరికి "ఇది నేను వేసినది" అని గుర్తుపట్టేటట్లుండాలి. అన్నిటా ఒక్కటే అయి కూడా వేరుగా తెలిసే వస్తువు ఎక్కడ దొరుకుతుంది?

ప్రకృతిలోనే వున్నది. ఒక మూలకపు పరమాణువులన్నీ గుణంలో ఒక్కటే అయినా బరువులో కొద్ది తేడా వున్న కవలలుంటాయి. వాటినే ఐసొటోపులంటారు. మన రాగిచెంబునే తీసుకోండి. అందులోని పరమాణువుల్లో నూటికి 69 పాళ్ళు 63 బరువుగలవి, 31 పాళ్ళు 65 బరువుగలవి. రెండూ రాగే. రెంటికీ చిలుము పడుతుంది, రెంటికీ చింతపండు పెడితే మెరుపు వస్తుంది.

ఓటమిలో దొరికిన నిధి

ఈ కవలలతో పని చేయించుకోవచ్చని మొదట కనిపెట్టినవాడు హంగేరీ దేశస్థుడు జార్జ్ హెవెసీ. 1911 ప్రాంతాన ఆయన మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్ మహాశయుని ప్రయోగశాలలో చేరాడు. అక్కడ సీసం రాశి ఒకటి వున్నది. అందులో "రేడియం డి" అనే కిరణ పదార్థం కలిసి వుండి పనికి అడ్డు వస్తున్నది. దాన్ని సీసంలోంచి వేరు చెయ్యమని రూథర్‌ఫర్డ్ పురమాయించాడు. హెవెసీ ఎరిగిన విద్యలన్నీ ప్రయోగించాడు. కాని లవమైనా విడదీయలేకపోయాడు. విడదీయడం ఎలా సాధ్యం? ఆ రేడియం డి కూడా సీసమే. 210 బరువున్న సీసపు ఐసొటోపు.

మరొకరైతే తలపట్టుకుని కూర్చునేవారు. హెవెసీ మరొక విధంగా ఆలోచించాడు. ఎంత ప్రయత్నించినా సీసాన్ని విడిచి పెట్టదు గదా. అయితే సీసం ఎక్కడికి పోతే అక్కడికి వెంట పోయే గూఢచారిగా దీన్ని వాడుకోవచ్చు గదా! 1913లో వియన్నాలో పానెత్ అనే సహచరునితో కలిసి ఆ పని చేసి చూపాడు. 1932లో హాబీ అనే మరొక సహచరునితో రాళ్ళలోని సీసాన్ని ఈ గూఢచారి సాయంతోనే కొలిచాడు. 1934లో కొద్దిగా భారజలం కలిసిన నీళ్ళు తాగించి, మనిషి ఒంట్లో నీరెంత వుంటుందో, అది ఎన్నాళ్ళకు మారుతుందో లెక్కకట్టాడు. 1943 సంవత్సరపు నోబెల్ బహుమానం ఆయనకు వచ్చింది.

హెవెసీని గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. మాంచెస్టరులో ఆయన భోజనం చేసే ఇంటి యజమానురాలు ఆదివారం మిగిలిన మాంసాన్నే వారమంతా రూపం మార్చి వడ్డిస్తున్నదని ఆయనకు అనుమానం. ఆమె మాత్రం "ప్రతిరోజూ తాజాదే" అని ఒట్టుపెట్టుకునేది. ఒకనాడు ఆయన కంచంలో మిగిల్చిన మాంసంలో లవలేశం కిరణ పదార్థం చల్లి వచ్చాడట. కొద్ది రోజుల తరువాత వచ్చిన వంటకం దగ్గర పరికరం పెట్టేసరికి గుట్టు బయటపడింది. హోటల్లో నిన్నటి కూరే నేడు సాంబారులో తేలుతున్నదేమో అని అనుమానించే మనవారికి హెవెసీ మీద గౌరవం కలగడం సహజమే.

ఒక చిన్న లెక్క

గూఢచారి కిరణాలు వెదజల్లేదే కానక్కరలేదు. ఏ ప్రమాదమూ లేని మామూలు ఐసొటోపు చాలు. కాకపోతే అది ప్రకృతిలో వున్న పాళ్ళకంటె ఎక్కువ పాళ్ళలో చేరిన "సాంద్రీకృత" పదార్థం కావాలి. పిల్లల్ని పిలిచి ఈ లెక్క చెయ్యమనండి.

ఒక నీటిబొట్టులో రాగి పరమాణువులు ఎన్నో తెలియదు. అందులో 65 బరువుగల రాగి పరమాణువులనే 38 లక్షలు కలిపాం. బాగా కలిసిన తరువాత పరీక్షిస్తే 63 బరువువీ, 65 బరువువీ సరిసమానంగా కనిపించాయి. మొదట బొట్టులో ఎన్ని పరమాణువులున్నట్లు?

జవాబు: ఒక కోటి. కోటిలో 69 లక్షలు 63వి, 31 లక్షలు 65వి. ఆ 31 లక్షలకు మనం వేసిన 38 లక్షలు కలిస్తే 69 లక్షలు. రెండు వైపులా సమానం! చూశారా, బొట్టు మొత్తం పట్టుకోనక్కరలేదు. అందులో ఏ కొంచెం దొరికినా పాళ్ళు తెలిస్తే చాలు.

మరి ఆ పాళ్ళు తెలిసేదెట్లా? కళ్ళంలో ధాన్యం తూర్పారపట్టడం చూశారు గదా. గాలికి గట్టిగింజ దగ్గర పడుతుంది, తాలు దూరంగా కొట్టుకుపోతుంది. మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రంలో పరమాణువులకు విద్యుదావేశం ఇచ్చి అయస్కాంతం ముందునుంచి పరుగెత్తిస్తారు. తేలికవి ఎక్కువగా వంగుతాయి, బరువువి తక్కువగా వంగుతాయి. దేని దారి దానిదే. ఏ దారిన ఎన్ని వచ్చాయో యంత్రం లెక్కిస్తుంది. 1919లో ఇంగ్లండులో ఆస్టన్ ఈ మార్గానికి పునాది వేశాడు.

అక్షింతలు తయారయిన కథ మరీ చిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికావారు ఓక్‌రిడ్జ్ అనే చోట ఇటువంటి యంత్రాలనే బ్రహ్మాండమైన పరిమాణంలో కట్టారు. అణుబాంబుకు కావలసిన యురేనియం 235ను విడదీయడం వాటి పని. యుద్ధకాలంలో రాగి కరువై, వాటి తీగచుట్లకు ఖజానానుంచి 13,000 టన్నులకు పైగా వెండి అప్పు తెచ్చారు! యుద్ధం ముగిసిన తరువాత ఆ యంత్రాల్లో కొన్నిటిని ఇతర మూలకాల ఐసొటోపులను విడదీయడానికి మళ్ళించారు. ఊళ్ళను బూడిద చెయ్యడానికి పుట్టిన యంత్రం తరువాత లోకంలోని ప్రయోగశాలలకు అక్షింతలు పంచిపెట్టింది.

పోతే ఫరవాలేదు, చేరితేనే ప్రమాదం

ఈ పద్ధతికి ఒక బలమూ, ఒక బలహీనతా వున్నవి. పోగొట్టుకున్నదాన్ని క్షమిస్తుంది. కాని బయటనుంచి వచ్చి చేరినదాన్ని క్షమించదు. డబ్బాలోంచి బియ్యం ఒలికితే లెక్క చెడదు. పక్కింటివారి బియ్యం నాలుగు గుప్పెళ్ళు అందులో పడితే మాత్రం వాటినీ కలిపే చెబుతుంది. ఈ బలహీనతే ఒక మనిషి బ్రతుకును మలుపు తిప్పింది. కోట్లమంది పసిపిల్లలకు మేలు చేసింది.

ఆయన పేరు క్లేర్ పాటర్సన్. 1922లో అమెరికాలోని అయొవా రాష్ట్రంలో పుట్టాడు. షికాగో విశ్వవిద్యాలయంలో చదువుతుండగా హారిసన్ బ్రౌన్ అనే ఆచార్యుడు ఆయనకు ఒక పని అప్పగించాడు. యురేనియం కాలక్రమాన సీసంగా మారుతుంది. కాబట్టి రాతిలో యురేనియమెంత, సీసమెంత, సీసపు ఐసొటోపుల పాళ్ళెంత అని కొలిస్తే రాతి వయస్సు తెలుస్తుంది. జార్జ్ టిల్టన్ అనే సహాధ్యాయి యురేనియం కొలవాలి. పాటర్సన్ సీసం కొలవాలి.

టిల్టన్ లెక్కలు చక్కగా వచ్చాయి. పాటర్సన్ లెక్కలు మాత్రం ఒకసారికి ఒకసారి పొందిక లేదు. రాతిలో వుండవలసినదానికంటె సీసం ఎన్నో రెట్లు ఎక్కువ కనిపిస్తున్నది. పద్ధతిలో తప్పు లేదు. మరి ఈ సీసం ఎక్కడిది?

వెతకగా వెతకగా తెలిసింది. గదిగోడల రంగులో సీసం. గాజుపాత్రల్లో సీసం. కుళాయి నీళ్ళలో, యాసిడ్‌లో, కిటికీలోంచి వచ్చే దుమ్ములో సీసం. తన చొక్కాలో, తలవెంట్రుకల్లో కూడా సీసం! అక్షింతలు అబద్ధమాడలేదు, పక్కింటి బియ్యాన్ని పట్టి ఇచ్చాయి.

అక్కడినుంచి పాటర్సన్‌కు మడి పట్టుకున్నది. అది మామూలు మడి కాదు. మన బామ్మలు చూసినా "వీడే అసలైన ఆచారవంతుడు" అని మెచ్చుకునేటంత మడి. 1952లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థకు చేరి అక్కడ ప్రత్యేకంగా ప్రయోగశాల కట్టించుకున్నాడు. దుమ్ము వడగట్టిన గాలి లోపలినుంచి బయటికే వీచాలి గాని బయటి గాలి లోపలికి రాకూడదు. నీళ్ళూ, యాసిడ్‌లూ తానే మళ్ళీ మళ్ళీ బట్టీపట్టేవాడు. పాత్రలు ఎన్నిసార్లు కడిగినా తృప్తి వుండేది కాదు. ఇంత చేసి, 1953లో ఒక ఉల్కాశకలంలోని సీసాన్ని పరీక్షించాడు. 1956లో ప్రకటించిన ఫలితం ఇది: భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలు, అటు ఇటుగా ఒక ఏడు కోట్లు. నేటికీ ఆ లెక్క చెక్కుచెదరలేదు.

మరొకరైతే ఆ కీర్తితో తృప్తిపడి వుండేవారు. పాటర్సన్‌ను మాత్రం ఆ పాత ప్రశ్న వదలలేదు. లోకమంతా ఇంత సీసం ఎక్కడినుంచి వచ్చింది? సముద్రపు నీళ్ళు కొలిచాడు. అడుగు నీటిలో కంటె పై నీటిలో సీసం ఎక్కువ. అంటే అది పైనుంచి, ఇటీవల పడినదన్నమాట. గ్రీన్‌లండు మంచు పొరల్లో కొలిచాడు. పాత పొరల్లో అతి స్వల్పం, కొత్త పొరల్లో ఎన్నో రెట్లు. దోషి దొరికింది. ఇంజను చప్పుడు తగ్గడానికి 1923నుంచి పెట్రోలులో కలుపుతూ వచ్చిన సీసం, మోటారు పొగతో లోకమంతా పరుచుకుంటున్నది.

1965లో ఆయన ఈ సంగతి బాహాటంగా వ్రాశాడు. మనిషి ఒంట్లో అప్పుడు కనిపిస్తున్న సీసం "సాధారణం" కావచ్చు గాని "సహజం" కాదన్నాడు. ఊళ్ళో అందరికీ జ్వరం వుంటే జ్వరమే ఆరోగ్యమవుతుందా? ఈ మాట సీసపు వ్యాపారులకు రుచించలేదు. పరిశోధనకు వచ్చే ధనసహాయాలు కొన్ని ఆగిపోయాయి. సీసపు పరిశ్రమ పోషించిన పండితులు ఆయన లెక్కలు తప్పన్నారు. ఆయన మాట తిప్పలేదు.

1980లో ట్యూనా చేప మీద ఆయనా, సహచరురాలు డొరొతీ సెటిల్ కలిసి వ్రాసిన వ్యాసం ఈ వివాదానికి అద్దం పట్టింది. తాజా చేప కండలో సీసం వంద కోట్ల పాళ్ళలో 400 పాళ్ళని ప్రభుత్వ ప్రయోగశాల లెక్క. సీసపు అతుకున్న డబ్బాలో నిలవచేసిన చేపలో 1,400 పాళ్ళు. ఈ లెక్కన డబ్బాలో పెట్టినందువల్ల పెరిగింది మూడున్నర రెట్లే; పెద్ద ప్రమాదమేమీ కాదనిపిస్తుంది. పాటర్సన్ తన మడి గదిలో, అక్షింతల పద్ధతిలో తాజా చేపను కొలిస్తే వచ్చింది 400 కాదు, 0.3! మిగిలినదంతా కొలిచినవారి చేతులనుంచీ, కత్తులనుంచీ, గాలినుంచీ చేరినదే. అంటే డబ్బా కలిపిన విషం మూడున్నర రెట్లు కాదు. నాలుగు వేల రెట్లకు పైగా. కొలత తప్పితే విషం కూడా అమాయకంగా కనిపిస్తుంది.

సీసం పెద్దవారికంటె పిల్లలకు ఎక్కువ చేటు. ఎదిగే మెదడును అది దెబ్బ తీస్తుంది. చదువునూ, బుద్ధి నిలకడనూ హరిస్తుంది. 1976-80 నడుమ అమెరికాలో అయిదేళ్ళలోపు పిల్లల రక్తంలో సగటున డెసిలీటరుకు 15 మైక్రోగ్రాముల సీసం వుండేది. పెట్రోలులోంచీ, డబ్బాల అతుకుల్లోంచీ, రంగుల్లోంచీ సీసాన్ని తొలగించిన మీదట అది ఒకటికి తక్కువయింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి 1నుంచి వచ్చింది. మోటారు కార్లకు సీసపు పెట్రోలు అమ్ముతున్న చివరి దేశం అల్జీరియా కూడా 2021లో మానింది. పాటర్సన్ అది చూడలేదు, 1995లోనే కన్నుమూశాడు.

పసివాడు ఎన్ని పాలు తాగాడు?

ఇక మన ఇంటి సంగతి ఒకటి. "పిల్లవాడికి పాలు చాలుతున్నాయా?" అని బెంగపడని తల్లి వుండదు. సీసాపాలైతే గీత చూసి చెప్పవచ్చు. తల్లిపాలు ఎంత తాగాడో తెలిసేదెలా? వెనుక పాలిచ్చే ముందూ, ఇచ్చిన తరువాతా బిడ్డను తూచేవారు. రాత్రింబగళ్ళు ప్రతిసారీ తూచడం తల్లికీ శిక్షే, బిడ్డకీ శిక్షే.

ఇక్కడా అక్షింతలే ఆదుకున్నాయి. మనం తాగే నీటిలో ప్రతి 6,400 హైడ్రొజన్ పరమాణువుల్లో సుమారు ఒకటి రెట్టింపు బరువుగలది. అది సాంద్రీకృతమైన నీరే భారజలం. గోదావరి ఒడ్డున మణుగూరులో దాన్ని తయారుచేసే పెద్ద కర్మాగారమే వున్నది; అణు విద్యుత్కేంద్రాలకు అది కావాలి. దానిలో సుమారు 30 గ్రాములు తల్లికి ఒకసారి తాగిస్తారు. అది కిరణాలు వెదజల్లేది కాదు. ఆ కొద్దిపాటి వల్ల హాని లేదు. అది తల్లి ఒంటి నీటిలో కలిసి, పాలలోంచి బిడ్డకు చేరుతుంది. రెండు వారాలపాటు మధ్యమధ్య తల్లిదీ, బిడ్డదీ కాస్త ఉమ్మి దూదితో తీసి పరీక్షిస్తారు. తల్లిలో ఎంత తగ్గింది, బిడ్డలో ఎంత పెరిగింది అనే లెక్కనుంచి రోజుకు ఎన్ని పాలు తాగాడో తేలుతుంది. అంతే కాదు, బిడ్డకు పాలు కాక ఇతరంగా ఎన్ని నీళ్ళు అందాయో కూడా తెలుస్తుంది. "తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టలేదు" అని చెప్పిన ఇళ్ళలో, నాయనమ్మ చాటుగా పడుతూ వచ్చిన నీళ్ళు కూడా ఆ లెక్కకు చిక్కవచ్చు!

ఈసారి మూత్రపిండాల పరీక్ష కాగితం వస్తే దానిమీద క్రియాటినిన్ అనే మాట పక్కన "ఐడిఎమ్‌ఎస్" అని వున్నదేమో చూడండి. ఆ నాలుగక్షరాలు మన అక్షింతల పద్ధతివే. మన పేటలోని పరీక్షశాలలో ఆ ఖరీదైన యంత్రం వుండదు. కాని అక్కడి పరికరాన్ని సరిదిద్దే ప్రమాణం, మెట్టు మెట్టుగా వెనక్కి పోతే, ఈ పద్ధతితో తేల్చిన కొలతకే చేరుతుంది. అంగట్లో తూకపురాళ్ళ మీద సర్కారు ముద్ర వంటిది అది. నిన్న ఒక ఊళ్ళో, నేడు మరొక ఊళ్ళో పరీక్ష చేయించుకున్నా రెండంకెలను పోల్చుకోగలగడానికి ఆ ముద్రే ఆధారం.

వచ్చినదాన్ని చూసి వున్నదంతా ఇంతేననుకోవడం మానవ సహజం. వున్నది వేరు, దక్కినది వేరు, చాటుగా వచ్చి చేరినది వేరు. ఈ మూడింటినీ విడదీసి చెప్పగలిగినవాడిదే అసలైన కొలత. పాటర్సన్ అంత మడి మనకు సాధ్యం కాకపోవచ్చు. వంటపాత్రలకు కళాయి పోయించేటప్పుడు మాత్రం, అది అచ్చమైన తగరమేనా, సీసం కలిపినదా అని ఒక్క మాట అడగండి. కళాయివాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.